బల్లకు చేరని విశ్వాసమ్మ

విశ్వాసమ్మకు చెవులు బాగా వినిపించేవి. మాట రాని మనిషికి మాట వినపడదని ఊరందరూ ఎందుకో నమ్మారు. అందుకని ఆమె ఎదుట ఎవరూ నోరు అదుపులో పెట్టుకోలేదు. చిన్నప్పటి నుంచి తన గురించి జనం ఏమనుకుంటున్నారో ఆమెకు తెలిసినంతగా ఊళ్లో మరెవరికీ తెలియదు.

నాపకొట్టాల బనగానపల్లెకు పడమటగా, నాపరాతి గనుల అంచున ఉండే పల్లె. వాగుకు ఈ గట్టున రెడ్ల ఇళ్లు, ఆ గట్టున మాలపల్లె. తాతల నాటి కరువులో మాలపల్లె అంతా మిషన్‌లో కలిసింది. వాళ్లు గుడి అనేది నాలుగు రాతి గోడల మీద బోదగడ్డి కప్పిన కొట్టం. వారమంతా అందులో బడి, ఆదివారం ఆరాధన. రెండింటికీ ఒకడే మనిషి, ఉపదేశి లేవి. పాదిరి అయ్యగారు ఎక్కడో దూరాన ఉండేవాడు. ఏడాదికి ఒకసారి బండి కట్టించుకుని వచ్చి, బాప్తిస్మాలూ పెళ్లిళ్లూ చేసి, యేసు కడపటి విందు గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల జరిపించి వెళ్లేవాడు. విశ్వాసమ్మకు ఆ పేరు పెట్టింది అలా వచ్చిన అయ్యగారే.

తండ్రి ఏసేపు గనిలో రాయి కొట్టేవాడు. గాలిజ్వరం పల్లెలను ఊడ్చుకుపోయిన ఏడు, పొద్దున పనికి పోయినవాడు సాయంత్రం దుప్పటి కప్పుకుని పడుకుని మళ్లీ లేవలేదు. ఆయన ఒళ్లు కాలిపోతున్నప్పుడు భార్య జీవమ్మ చంకలో రెండేళ్ల పిల్లను పెట్టుకుని, ఊరి బయట పెద్దమ్మ రాయి దగ్గరకు పోయి ఒక కోడిని కోసి వచ్చింది. ఏ దేవుడైనా సరే, మనిషి దక్కితే చాలనిపించిన రోజు అది. మనిషీ దక్కలేదు, కోడి సంగతీ దాగలేదు. కానీ ఆ ఏడు ఎవరింట్లో శవం వాళ్లు మోసుకుంటున్నారు గనుక దాని గురించి అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

పిల్లకు ఐదేళ్లు వచ్చినా అమ్మా అనలేదు. గొంతులోంచి ఒకటే శబ్దం వచ్చేది, మూలుగుకూ కూతకూ నడుమ ఉండేది. సంతోషం వచ్చినా అదే, కోపం వచ్చినా అదే. కోపం మాత్రం ఎక్కువ. తనను వెక్కిరించిన పిల్లలను కొరికేది. గుడి లోపల ఉమ్మేసిన ఒకడిని పట్టుకుని, ఆ ఉమ్ము వాడి పైపంచెతోనే తుడిచేదాకా జుట్టు వదల్లేదు. తల్లి కొడితే ఏడ్చేది కాదు. గోడవైపు తిరిగి కూర్చుని, అన్నానికి పిలిచినా ఇటు తిరిగేది కాదు.

లేవి ఆమెను బడిలో వెనక కూర్చోనిచ్చేవాడు. ఆయనకు కథ చెప్పడం బాగా వచ్చు. కళ్లు పెద్దవి చేసి, చేతులు తిప్పి, గొంతు మార్చి చెప్పేవాడు. ప్రభువును సిలువ వేసిన కథ చెబుతూ ఒకరోజు తన అరచేతి నడుమ వేలు గుచ్చి, మేకు దిగినట్టు ముఖం పెట్టాడు. ఆ సాయంత్రం విశ్వాసమ్మ ఇంటికి పరుగెత్తుకొచ్చి, తల్లి ఎదుట నిలబడి తన అరచేతిలో వేలితో పొడిచి చూపించింది. జీవమ్మ ముల్లు దిగిందనుకుని పిల్లను దీపం దగ్గరకు లాక్కుపోయి సూదితో వెతకబోయింది. పిల్ల చెయ్యి లాగేసుకుని మళ్లీ అదే చూపించింది. ఆ తర్వాతి ఆదివారం ఆరాధనలో యేసు పేరు వినబడిన ప్రతిసారీ కూతురు వేలు అరచేతిలోకి పోతుంటే అప్పుడు జీవమ్మకు అర్థమైంది. అర్థమై తలమీద కొంగు ముఖానికి లాక్కుంది.

ఆ పిల్లకు ఆరాధనలో అన్నిటికన్నా ఇష్టమైనది పాట. జనం పాట ఎత్తుకోగానే ఆమె గొంతులో ఆ శబ్దం లేచేది. రాగంతో కలిసేది కాదు, తాళంతో ఆగేది కాదు. పాట అయిపోయిన తర్వాత కూడా కాసేపు సాగేది. మొదట్లో ఆడవాళ్లు నవ్వుకున్నారు. తర్వాత పిల్లలు ఆ కూతను అనుకరించడం మొదలుపెట్టారు. వాగవతల రెడ్ల పాలేర్లు దారిన పోతూ, గుడిలో దూడ అరుస్తోందేమిటని అడిగారు. ఆ మాట లేవికి గుచ్చుకుంది. వాళ్ల ముందు తలెత్తుకుని నిలబడడం కోసమే ఆయన తెల్లచొక్కా ఉతుక్కుని వేసుకునేవాడు. ఆ వారం నుంచి విశ్వాసమ్మను ద్వారం దగ్గర కూర్చోమన్నాడు. చలికాలం వచ్చేసరికి ద్వారం బయట చూరు కిందికి పంపాడు. ఆమె అక్కడే గోడకు వీపు ఆనించి కూర్చుని, లోపల పాట మొదలవగానే బయటి నుంచి కలిపేది.

ఆమెకు పధ్నాలుగో ఏడు వచ్చినప్పుడు, ఆమె ఈడు పిల్లలను లేవి బల్లకు సిద్ధం చేయసాగాడు. విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, పరలోక ప్రార్థన తప్పు లేకుండా అప్పజెప్పాలి. అయ్యగారి ఎదుట ప్రశ్నలకు జవాబు చెప్పాలి. అప్పుడే రొట్టె, అప్పుడే గిన్నె. విశ్వాసమ్మ ఎవరూ పిలవకుండానే పోయి వాళ్ల వరుస చివర కూర్చుంది. పక్కవాడు ఆజ్ఞ తప్పు చెబితే తల అడ్డంగా ఊపేది. లేవి అది చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు.

జీవమ్మ ఒకరోజు ఆయన ఇంటికి పోయి వాకిట్లో నిలబడింది. బిడ్డను కూడా అయ్యగారికి చూపించమని అడిగింది.

"చూపిచ్చేదానికేముండాదమ్మా," అన్నాడు లేవి. "ఒప్పుకోవాల్సింది నోటితో. ఆ పిల్ల నోరు తెరిస్తే ఏమొస్తాదో నీకు తెల్సు, నాకు తెల్సు."

"దానికి అన్నీ తెల్సు స్వామీ."

"తెలిస్తే చెప్పమను."

ఈ సంగతి సంఘం పెద్ద జ్ఞానరాజు దగ్గరకు వచ్చింది. గనిలో మాలపల్లె కూలీలందరికీ మేస్త్రీ ఆయనే. ఎవరికి పని ఉంటుందో, ఎవరు ఇంటి దగ్గర కూర్చోవాలో ఆయనే చెప్పేవాడు. ఆయన భార్య గిడ్డమ్మకు మంచి జ్ఞాపకశక్తి. పెద్దమ్మ రాయి దగ్గర కోసిన కోడిని ఆమె ఇప్పుడు బయటికి తీసింది. అయితే ఏ ఏడు కోశారన్నది మాత్రం ఆమె నోట్లో మారిపోయింది. పిల్ల కడుపులో ఉండగా జీవమ్మ విగ్రహానికి రక్తం పోసిందనీ, అందుకే పిల్ల నాలుక అక్కడే కట్టుబడిపోయిందనీ చెప్పింది. నిండు సంఘం ఎదుట తల్లి ఆ పాపం ఒప్పుకుంటే కట్టు విడిపోతుందని పెద్దలు తీర్మానించారు.

జీవమ్మ ఒప్పుకుంది. ఆ ఆదివారం ఆమెను మధ్యలో మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. విశ్వాసమ్మను లోపలికి పిలిచి తల్లి పక్కన నిలబెట్టారు. ఎన్నేళ్లకో ఆరాధన వేళ ఆ పిల్ల కాళ్లు గుడి లోపలి బండల మీద పడ్డాయి. కడుపుతో ఉన్నప్పుడే కోడిని కోశానని జీవమ్మ నేల చూస్తూ చెప్పింది. అది అబద్ధమని విశ్వాసమ్మకు తెలుసు. తండ్రి జ్వరం, తల్లి చంక, రాయి దగ్గర నెత్తురు, ఇవన్నీ తల్లి ఆమెకు ఎన్నోసార్లు చెప్పి ఏడ్చింది. ఆమె తల్లి భుజం పట్టి కుదిపింది, తల అడ్డంగా ఊపింది. జీవమ్మ ఆ చెయ్యి తోసేసి, మళ్లీ మొదటి నుంచి ఇంకా గట్టిగా చెప్పింది.

అందరూ ప్రార్థన చేశారు. చేసి, పిల్ల నోటివైపు చూశారు. లేవి దగ్గరకు వచ్చి, యేసు అను, అన్నాడు. విశ్వాసమ్మ అరచేతిలో వేలు పెట్టి చూపించింది. ఆయన ఆ చెయ్యి మీద కొట్టాడు. చేతులతో కాదు, నోటితో అనమన్నాడు. ఆమె మళ్లీ చెయ్యే చూపించింది. అంతటితో ఆరాధన ముగించేశారు.

తల్లి పాపం పోయినా మాట రాలేదు గనుక, తప్పు ఇక పిల్లదే అన్నారు. మొండిదన్నారు. గొంతులో ఏదో చేరి పట్టుకుని ఉందన్నారు. గిడ్డమ్మకు వాతలు పెట్టడం వచ్చు. పసుపు కొమ్ము కాల్చి గొంతు గుంటలో ఒకటి, చెవుల వెనక రెండు పెడితే నరం విడుతుందని, తన పుట్టింటివైపు ఒక పిల్లకు అట్లాగే వచ్చిందని ఆమె జీవమ్మకు నచ్చజెప్పింది. అయ్యగారు వచ్చే రోజు దగ్గరపడుతోంది. జీవమ్మ ఒక పూట ఆలోచించింది. బిడ్డ కూడా అందరితో పాటు వరుసలో కూర్చుని రొట్టె తీసుకునే దృశ్యం ఆమె కళ్ల ముందు నుంచి కదలలేదు. సరేనంది.

నలుగురు ఆడవాళ్లు విశ్వాసమ్మను జ్ఞానరాజు ఇంటి పంచలో పడుకోబెట్టి పట్టుకున్నారు. కాళ్లు పట్టుకుంది తల్లే. కాలిన కొమ్ము గొంతు మీద పడగానే ఆ పిల్ల పెట్టిన కేక వాగవతలికి వినబడింది. గొంతు విడిందని గిడ్డమ్మ సంతోషంగా అంది. ఇంకొంచెం కాల్చి చెవుల వెనక పెట్టింది. రెండో వాతకు విశ్వాసమ్మ తల ఎత్తి తన కాళ్ల దగ్గర ఉన్నది ఎవరో చూసింది. చూసిన తర్వాత పెనుగులాట మానేసింది. మూడో వాతకు ఆమె నోట ఏ శబ్దమూ రాలేదు.

పుండ్లు చీము పట్టాయి. మెడ తిప్పలేక, మెతుకు మింగలేక జ్వరంతో పడి ఉంది. జీవమ్మ వేపాకు నూరి పూస్తుంటే వద్దనలేదు గానీ, తల్లి ముఖంలోకి చూడలేదు.

అయ్యగారు వచ్చిన ఆదివారం ఆమె లేచి, తల దువ్వుకుని, మెడకు గుడ్డ చుట్టుకుని వెళ్లి వరుస చివర నిలబడింది. పిల్లలు ఒక్కొక్కరే అప్పజెప్పారు. ఆమె దగ్గరకు వచ్చేసరికి అయ్యగారు లేవి వైపు చూశాడు. ఈ పిల్లకు మతి సరిగా లేదని లేవి చెప్పాడు. విశ్వాసమ్మ అప్పుడు చేతులెత్తి సైగలతో ప్రభువు కథ చెప్పింది. బిడ్డను ఒళ్లో ఊపింది. రొట్టె విరిచి పంచింది. అరచేతులు రెండింటిలో వేలు గుచ్చుకుంది. తల వాల్చింది. కళ్లు మూసుకుని, తెరిచి, పైకి చూపించింది. వెనక మగపిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. అయ్యగారు చెడ్డవాడు కాదు. ఎండలో బండి ప్రయాణం చేసి అలసిపోయి ఉన్నాడు, ఇంకా రెండు పల్లెలకు పోవాలి. ఆమె తల మీద చెయ్యి పెట్టి, దేవుడు నిన్ను చల్లగా చూస్తాడమ్మా అని ఆశీర్వదించి, పక్కకు తప్పుకోమన్నట్టు భుజం మీద మెల్లగా తట్టాడు.

ఆమె తప్పుకోలేదు. వరుసలోనే కూర్చుంది. రొట్టె పళ్లెం చేతులు మారుతూ వచ్చింది. పక్కపిల్ల ఆమెను దాటించి అవతలి మనిషికి అందించబోతుండగా, విశ్వాసమ్మ ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకుంది.

లేవి ఆ చివర నుంచి పరుగెత్తుకొచ్చాడు. అర్హత లేకుండా తిన్నవాడి మీదికి శిక్ష వస్తుందని, అది సంఘమంతటి మీదా పడుతుందని ఆయన నిజంగానే భయపడ్డాడు. జ్ఞానరాజు ఆమె తల వెనక్కి వంచి పట్టుకున్నాడు. వాత పుండు చిట్లి గుడ్డ తడిసింది. మాట కోసం తెరవని నోటిని ఇద్దరు మగవాళ్లు బలవంతాన తెరిచారు. లేవి వేలు పెట్టి ఆ ముక్కను తోడి తీశాడు. ఆమె ఆ వేలిని కొరికింది. ఆ గొడవలో ఎవరి మోచేయో తగిలి గిన్నె ఒరిగిపోయి, ద్రాక్షరసం తెల్లగుడ్డ మీద పారింది. అయ్యగారు వద్దు, వదలండి అంటూనే ఉన్నాడు గానీ ఆయన మాట ఎవరికీ వినపడలేదు.

ఇంటికి పోయే దారిలో జీవమ్మ ఒకే మాట అడిగింది.

"మింగినావా?"

విశ్వాసమ్మ తల అడ్డంగా ఊపింది. తల్లి దారి పక్కన కంపచెట్ల దగ్గర కూలబడి, చాలాసేపు లేవలేదు.

అయ్యగారు బండి ఎక్కి పోయాక పెద్దలు కూర్చుని తల్లినీ కూతురినీ వెలి వేశారు. సంఘంలో వెలి అంటే గనిలో కూడా వెలి. జ్ఞానరాజు వాళ్లను పనికి పిలవడం మానేశాడు. ఇరుగుపొరుగు నిప్పు ఇవ్వలేదు. వాగు ఇసుకలోని చెలమలో అందరూ ముంచుకుని పోయిన తర్వాత నీళ్లు తెచ్చుకోవాల్సి వచ్చింది. కంపమోపులు కొట్టి బనగానపల్లెకు మోసుకుపోయి అమ్మి, జొన్నలు తెచ్చుకుని బతికారు. మామిడికాయల కాలంలో తోటల్లో గంపలు మోసేవాళ్లు.

జీవమ్మ ఆ తర్వాత గుడి ముఖం చూడలేదు. కూతురు మాత్రం ప్రతి ఆదివారం పోయి చూరు కింద గోడకు ఆనుకుని కూర్చునేది. కన్నబిడ్డను అవమానించిన చోటికి ఆ బిడ్డే మళ్లీ పోవడం తల్లికి అర్థం కాలేదు. కొట్టింది, తలుపు బిగించింది, తినే సంగటి లాగేసింది. "నీ రొట్టె నీకు రాకపాయె, నా కూడు కూడా పాయె," అని ఒకసారి అంది. విశ్వాసమ్మ విన్నది. ఆ ఆదివారం కూడా పోయింది. ఒకే కొట్టంలో బతికే ఆ ఇద్దరి మధ్య అప్పటికి సైగలు కూడా తగ్గిపోయాయి.

కొన్నేళ్లకు వానలు లేని ఒక వేసవిలో చెలమ నీళ్లు చెడి వాంతిభేది వచ్చింది. జీవమ్మకు మొదట తగిలింది. ఒంట్లో నీళ్లన్నీ పోయి, పిడికెడంత అయిపోయిన మనిషి చివర్లో కూతురి చెయ్యి వెతికి పట్టుకుంది. మెడ మీది మచ్చ తాకాలని చెయ్యి ఎత్తబోయింది గానీ అంత ఎత్తుకు రాలేదు. విశ్వాసమ్మ వంగి మెడ అందించింది. ఆ చెయ్యి చల్లబడేదాకా అలాగే వంగి ఉంది.

సమాధుల దొడ్డి గేటు దగ్గర జ్ఞానరాజు అడ్డం నిలబడ్డాడు.

"వెలిలో చచ్చినామె. లోపల కుదరదు," అన్నాడు. "బయట యాడన్నా పెట్టుకోమ్మా."

లేవి ఆయన పక్కనే ఉన్నాడు. విశ్వాసమ్మ శవాన్ని గోడ బయట పడుకోబెట్టి, ఇంటికి పోయి గడ్డపార తెచ్చుకుంది. అక్కడ మూరెడు లోతున బండ తగిలింది. మధ్యాహ్నం దాకా పొడిచినా గుంత మోకాలి లోతు కాలేదు. అటుగా ఎద్దుచర్మం మోసుకుపోతున్న మాదిగ కంబన్న చూసి, చర్మం నేల మీద దించాడు. ఆయనకు ఈ గుడీ లేదు, ఈ సంఘమూ లేదు. ఏమీ అడగకుండా ఆమె చేతిలోంచి గడ్డపార తీసుకుని బండ సందులు చూసి పొడిచాడు. పెళ్లలు లేపి పక్కన పేర్చాడు. జీవమ్మను దించిన తర్వాత ఆయన తలగుడ్డ తీసి నిలబడి, ఏమన్నా చెబుతారేమోనని చుట్టూ చూశాడు. చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

విశ్వాసమ్మ గొంతెత్తింది. గోడ లోపల మరో ఇంటి శవానికి పాట పాడుతున్నవాళ్లు ఆ శబ్దానికి ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలుపెట్టారు. ఆమె తల్లి మీద మట్టి పోసేంతవరకూ ఆపలేదు. జనం ఆమె గొంతు విన్నది అదే చివరిసారి. ఆ తర్వాత గుడి దగ్గర పాట మొదలైనా ఆమె కలపలేదు.

వాంతిభేది లేవినీ తీసుకుపోయింది. కూలీలు చాలామంది పోయి గనిలో మనుషులు చాలక జ్ఞానరాజు ఆమెను మళ్లీ పనికి పిలిచాడు. ఆమె పోయింది. బోద కొట్టం తీసేసి నాపరాతితో కొత్త గుడి కట్టినప్పుడు, మిగతా ఆడవాళ్లతో పాటు ఆమె కూడా తల మీద బండలు మోసింది. గుడి అయ్యాక ఆమెను లోపల కూర్చోవద్దని ఎవరూ అనలేదు. ఇప్పుడామె చప్పుడు చేయదు గనుక అభ్యంతరం లేకపోయింది.

స్వాతంత్ర్యం వస్తుందని పల్లెల్లో కూడా చెప్పుకుంటున్న రోజుల్లో కొత్త అయ్యగారు వచ్చాడు. పడుచువాడు, సైకిలు మీద వచ్చేవాడు. ఎవరు చెప్పారో గానీ విశ్వాసమ్మ కథ ఆయనకు చేరింది. వినగానే బాధపడ్డాడని, పెద్దలను పిలిచి గట్టిగా మాట్లాడాడని అనుకున్నారు. బల్ల జరిగిన ఆదివారం ఆయనే పళ్లెం పట్టుకుని ఆడవాళ్ల వరుసలో ఆమె దగ్గరకు నడిచి వచ్చాడు.

"తీసుకోమ్మా," అన్నాడు. "నీకు మాట అక్కరలేదు."

ముప్పై ఏళ్లు దాటిన మనిషి ఆ పళ్లెం వైపు చూసింది. అందరూ చూస్తున్నారు. ఆమె తీసుకోలేదు. కిటికీలోంచి సమాధుల దొడ్డి వైపు చెయ్యి చూపించింది. గోడ బయటికి చూపించి, గోడ లోపలికి చూపించింది. అయ్యగారికి అర్థం కాలేదు. ముసలివాడైన జ్ఞానరాజు కూర్చున్నచోటి నుంచే చెప్పాడు.

"వాళ్లమ్మను దొడ్డిలోకి తెమ్మంటాండాది అయ్యా. వెలిలో పోయినామెను లేపి లోపల పెట్టేది యాడన్నా ఉండాదా. సంఘం ఒప్పుకోదు."

అయ్యగారు మిగతా పెద్దల ముఖాలు చూశాడు. వాళ్లలో ఒక్కరూ తలెత్తలేదు. అది నా చేతిలో లేదమ్మా, అని ఆయన విశ్వాసమ్మకు మాత్రమే వినపడేటట్టు అన్నాడు. పళ్లెం ఇంకా ఆమె ముందే ఉంది.

ఆమె ఆ పళ్లెం ఆయన చేతుల్లోంచి అందుకుంది. పక్కన కూర్చున్న ఆమెకు ఇచ్చింది.

ఆ తర్వాత కూడా ఏ ఆదివారమూ ఆమె గుడి తప్పలేదు. యేసు పేరు వచ్చినప్పుడు వేలు అరచేతిలోకి పోయేది. బల్ల జరిగినప్పుడల్లా పళ్లెం ఆమె దాకా వచ్చేది, ఆమె తీసుకోకుండా అవతలికి అందించేది. మొండిదని పెద్దలు అనుకున్నారు. పడుచు అయ్యగారు మరో ఊరికి మారిపోయాక, ఎందుకు తీసుకోవని ఆమెను అడిగినవాళ్లు లేరు.